పాత దుస్తుల బజారు: ఓడరేవుకు కాపలా, వీధికి ఉపేక్ష

వాడిన దుస్తుల వ్యాపారం ప్రస్తావన వచ్చినప్పుడల్లా విధాన నిర్ణేతల దృష్టి ఓడరేవుల వైపే మళ్లుతోంది. విదేశాల నుంచి కారుచౌకగా వచ్చిపడే పాత దుస్తులు దేశీయ వస్త్ర పరిశ్రమను దెబ్బతీస్తాయన్న భయం నిరాధారమైనదేమీ కాదు. అయితే మన ఇళ్లలోనే పోగుపడి, నాలుగు చేతులు మారి, చివరకు పేదవాని ఒంటిమీదికి చేరే పాత దుస్తుల సంగతి ఏ మంత్రిత్వశాఖకూ పట్టకపోవడం విచారకరం.

తిరిగి తొడుక్కోవడానికి వీలున్న విదేశీ పాత దుస్తుల దిగుమతిపై మన దేశంలో ఆంక్షలున్నాయి. లైసెన్సు లేనిదే వాటిని దేశీయ విపణిలోకి తీసుకురావడానికి వీల్లేదు. ధరించడానికి పనికిరాకుండా కోతలు పెట్టిన వాటిని మాత్రం పీలికల కింద అనుమతిస్తారు. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలంలో ఉన్న కర్మాగారాలు ఈ దుస్తులను రకాలవారీగా వేరుచేసి, ఆఫ్రికా తదితర దేశాలకు తిరిగి ఎగుమతి చేస్తుంటాయి. ఇంత కట్టుదిట్టం చేసినా కత్తెర పడని విదేశీ కోట్లు, స్వెట్టర్లు ఢిల్లీ కాలిబాటల మీద, ఈశాన్య రాష్ట్రాల బజార్లలో కుప్పలుగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆంక్ష వల్ల సరుకు ఆగలేదు. దొడ్డిదారిన వచ్చిన సరుకుకు రశీదు మాత్రమే లేకుండా పోయింది.

పొరుగున ఉన్న పాకిస్థాన్ ఇందుకు భిన్నమైన మార్గం ఎంచుకుంది. అక్కడ ఈ దిగుమతి చట్టబద్ధమే. ప్రపంచంలో పాత దుస్తులను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశాలలో అది ఒకటి. లాహోర్, కరాచీ నగరాల్లోని ‘లండా బజార్లు’ చలికాలంలో సామాన్యుడికే కాక మధ్యతరగతికి కూడా ఆధారమవుతున్నాయి. 2023 మే నెలలో ఆ దేశంలో ద్రవ్యోల్బణం 38 శాతానికి చేరువైనప్పుడు ఈ బజార్ల విలువ మరింతగా తెలిసివచ్చి ఉంటుంది. తూర్పు ఆఫ్రికా దేశాలు దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడవబోయి చిక్కుల్లో పడ్డాయి. పాత దుస్తుల దిగుమతిని దశలవారీగా నిలిపివేయాలని అవి 2016లో తీర్మానించగా, వెనక్కు తగ్గని రువాండాకు అమెరికా 2018లో దుస్తుల ఎగుమతులపై సుంకం రాయితీని నిలిపివేసింది. పాత చొక్కాల వెనుక కూడా పెద్ద దేశాల పట్టుదలలు ఉంటాయని దీనిని బట్టి విదితమవుతోంది.

మన దేశం పరిస్థితి వేరు. ఇక్కడ పాత దుస్తులకు దేశీయంగానే ఒక పెద్ద వ్యవస్థ ఉంది. గుజరాత్ మూలాలున్న వాఘ్రీ సామాజికవర్గానికి చెందిన మహిళలు ఉత్తరాది నగరాల్లో తలపై స్టీలు పాత్రల గంపతో ఇంటింటికీ తిరుగుతారు. దేవీపూజక్ అన్నది ఈ వర్గానికి ఉన్న మరో పేరు. గృహిణి నాలుగు ప్యాంట్లు, రెండు చీరలు తెచ్చి ముందు వేస్తే బేరం మొదలవుతుంది. మగవారి ప్యాంటుకు, చొక్కాకు మంచి గిరాకీ. నలిగిన నూలు చీరకు విలువ తక్కువ. జరీ ఉన్న పట్టుచీర అయితే దాని లెక్కే వేరు, అందులోని వెండి కోసమే దానిని కొనేవారున్నారు. తెలుగునాట కూడా పాత బట్టలకు స్టీలు సామాను ఇస్తామనే కేక, పాత పట్టుచీరలు కొంటామనే కేక వినని వీధి అరుదు.

ఇలా సేకరించిన మూటలు ఢిల్లీలోని రఘుబీర్ నగర్ సంతకు చేరతాయి. తెల్లవారకముందే మొదలయ్యే ఈ సంతలో టోకు వ్యాపారులు లాంతరు, టార్చి వెలుగులో గుడ్డ నాణ్యతను చేత్తో తడిమి చూసి ధర కడతారు. అక్కడినుంచి దుస్తులు ఉతికేవారికి, రఫూ చేసేవారికి, ఇస్త్రీ చేసేవారికి పని కల్పించి వారపు సంతల్లో తేలతాయి. మరీ చిరిగిన నూలు గుడ్డ యంత్రాలు తుడిచే పీలికగా వర్క్‌షాపులకు పోతుంది. వృథా అనేది దాదాపు ఉండదు. పాత చీరను బొంతగా, పిల్లవాని ఉయ్యాలగా, చివరకు వంటింటి మసిగుడ్డగా వాడుకున్న మన అవ్వలకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

ఒక వింత కూడా గమనార్హం. ఊరి సంతలో పరాయివారు తొడిగి విడిచిన చొక్కా కొనడానికి నామోషీ పడే మధ్యతరగతి, ఢిల్లీ సరోజినీ నగర్‌లో ఎగుమతి మిగులు పేరిట అమ్మే దుస్తుల కోసం గంటల తరబడి తోసుకుంటుంది. ఆ గుట్టల్లో కొన్ని ఎవరో తొడిగి విడిచినవే.

ఈ వ్యవస్థకు ఇప్పుడు ముప్పు వచ్చింది విదేశీ మూటల నుంచి మాత్రమే కాదు. కొత్త దుస్తులే అతి చౌకగా వస్తున్నాయి. పాలియెస్టర్ కలిసిన ఆ చొక్కా నాలుగు ఉతుకులకే రూపు చెడుతుంది కనుక దానికి రెండో జీవితం లేదు. పైగా పాత చొక్కా ధరకు కాస్త ఎక్కువలో కొత్తది దొరుకుతున్నప్పుడు కొనుగోలుదారు పాతది ఎందుకు కొంటాడు? హర్యానాలోని పానిపట్ అనుభవం కూడా ఇదే. విదేశీ ఉన్ని పీలికలను రంగులవారీగా విడదీసి, గుండీలు, జిప్పులు కోసివేసి, తిరిగి నూలుగా వడికి దుప్పట్లు నేయడంలో ఆ పట్టణం పేరుమోసింది. రంగులవారీగా వేరుచేయడం వల్ల కొత్తగా అద్దకం అవసరం ఉండేది కాదు. భూకంపాలు, వరదలు వచ్చినచోట బాధితులకు పంచిన చౌక దుప్పట్లలో చాలా భాగం అక్కడివే. తేలికగా, మెత్తగా ఉండే పాలియెస్టర్ దుప్పటి వచ్చాక ఆ మగ్గాలలో అనేకం ఆగిపోయాయి, కొందరు యజమానులు ఆ కొత్త సరుకు తయారీకే మారిపోయారు.

దిగుమతి ఆంక్షలను ఎత్తివేయాలన్న వాదనను ఈ పరిస్థితిలో సమర్థించలేం. అయితే ఆంక్ష విధించడంతోనే బాధ్యత తీరిందని ప్రభుత్వం భావించడం కూడా సరికాదు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో ‘సేవ’ సంఘాన్ని స్థాపించినప్పుడు తొలినాటి సభ్యులలో పాత బట్టలు అమ్ముకునే మహిళలు ఉన్నారు. వడ్డీ వ్యాపారుల బెడద నుంచి ఇటువంటి వారిని తప్పించేందుకే 1974లో సేవ బ్యాంకు ఏర్పడింది. ఒక సంఘం చేయగలిగిన పనిని నగర పాలక సంస్థలు చేయలేకపోవడానికి నిధుల కొరత కారణం కాజాలదు. ఈ సంతలకు కావలసింది పైకప్పు, దీపాలు, నీటి కుళాయి, మరుగుదొడ్డి, మూటలతో ఎక్కనిచ్చే బస్సు.

వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు 2014లో చట్టం చేసిన విషయం విదితమే. ఒకచోట కూర్చుని అమ్మేవారే కాక తిరిగి అమ్ముకునేవారు కూడా దాని పరిధిలోకి వస్తారు. పట్టణ విక్రయ కమిటీలలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదని, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలని కూడా చట్టం చెబుతోంది. కాని పాత బట్టలకు పాత్రలిచ్చే మహిళ వీధిలో అమ్మేది పాత్రా, బట్టా అన్నది ఏ ఫారంలోనూ ఇమడదు. సర్వే సిబ్బంది ఆఫీసు వేళల్లో వచ్చిన పక్షంలో వారికి అక్కడ సంత కనిపించదు, ఊడ్చివేయవలసిన దారప్పోగులు తప్ప.