అల్పసాధనములు, ఘనఫలము

2020వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన, లోకమెల్ల మహమ్మారికి వెఱచి తలుపులు మూసికొనియున్న దినములలో, ఆకాశమునుండి యొక రేడియో మెఱుపు భూమిని చేరెను. ఱెప్పపాటులో నల్పభాగము మాత్రమే నిలిచి యది మాయమయ్యెను. ఇట్టి మెఱుపు మొదట 2007లో ప్రకటితమయ్యెను. నాటినుండి కనబడినవన్నియు మన పాలపుంత కావలినుండి వచ్చినవే. వానిని పుట్టించున దేదియో యెవ్వరికిని నిశ్చయముగా తెలియకుండెను. ఈ మెఱుపు మాత్రము మన పాలపుంతలోనే యున్న ఎస్.జి.ఆర్. 1935+2154 అను మాగ్నెటారునుండి వెడలెను. అన్ని మెఱుపులకును మూల మిదియే యని చెప్పరాదు గాని, కొన్నిటి కైనను మాగ్నెటారులే కారణమను పక్షము దీనితో బలపడెను.

మాగ్నెటారనగా మృతనక్షత్రపు శేషము. సూర్యుని మించిన ద్రవ్యము సుమారు 20 కిలోమీటర్ల యడ్డుకొలతగల గోళమున నిమిడియుండును. దాని యయస్కాంతశక్తి భూమి శక్తికి కోట్లకోట్ల రెట్లు.

ఈ మెఱుపును పట్టిన దెవరు? కెనడాలోని చైమ్ అను మహాయంత్రము దానిని ఓరకంట మాత్రమే చూడగలిగెను. దాని తీవ్రతను సూటిగా కొలిచినది అమెరికాలోని స్టేర్-2. క్రిస్టఫర్ బోచెనెక్ అను పరిశోధక విద్యార్థి ప్రధానకర్తగా నిర్మితమైన యీ సాధనము మూడు చిన్న గ్రాహకముల సముదాయము. లోహపు గొట్టమును, కేకులు కాల్చు పళ్లెములును అందలి భాగములు! మహాయంత్రము ఆకాశమున కొంతభాగమునే చూచును. ఈ చిన్నవి విశాలాకాశమును ఎడతెగక కనిపెట్టి యుండెను. వందలకొలది కిలోమీటర్ల యెడముగల మూడు తావులను నిలుపుటచే స్థానిక ధ్వనులను వేఱుపఱుప సాధ్యమయ్యెను.

ఆకలిగొన్న దేశమునకు చచ్చిన నక్షత్రముతో పనియేమని కొంద ఱడుగుదురు. ధనములేనివారికి జ్ఞానమును వలదనుట న్యాయమా? మన గోవింద స్వరూప్ గారు ధనముకొఱకు కాచుకొని కూర్చుండలేదు. ఉదకమండలమున కొండవాలునే యుపకరణముగా జేసికొని 1970లో రేడియో దుర్భిణిని నెలకొల్పిరి. పిమ్మట పూనా సమీపమున ఖొడదలో, సన్నని తీగెవలతో తేలికపఱచిన 45 మీటర్ల పళ్లెరములు ముప్పదింటిని నిలిపిరి. పదేండ్లు మౌనము వహించిన ఎక్స్.టి.ఇ. జె1810-197 అను మాగ్నెటారు 2018 డిసెంబరున మరల పలుకగా, ఆ పలుకును మన ఖొడద యంత్రమును ఆలకించెను.

అంతర్జాతీయమైన స్క్వేర్ కిలోమీటర్ అర్రే నిర్మాణమున 1,250 కోట్ల రూపాయలతో పాల్గొన మన ప్రభుత్వ మంగీకరించినట్లు 2024 ఆరంభమున వెల్లడియయ్యెను. మేము హర్షించుచున్నాము. కాని కోట్ల నిచ్చు చేయి కొన్ని వేలకు ముడుచుకొనరాదు. చిన్న యంత్రమును కట్టెదనని వచ్చిన విద్యార్థిని కార్యాలయముల చుట్టు త్రిప్పరాదు. ప్రతి విశ్వవిద్యాలయమును కొంచెము ధనమును, విఫలుడగుటకు సయితము స్వేచ్ఛను యువకుల కొసగవలెను. ఆకాశము పక్షపాత మెఱుగదు. మేలుకొనియున్న చెవికే దాని మాట వినబడును.