కోలుకున్నది కంపెనీయా, కాగితమా?



బోనసు చర్చలకు కూర్చున్న ప్రతిసారీ యాజమాన్యం నోట మనం వినే మాట ఒకటుంది: "కంపెనీ ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, కొంచెం ఓపిక పట్టండి." ఈ మాటను కాదనాలన్నా, ఒప్పుకోవాలన్నా మన చేతిలో ఆధారం ఉండాలి. ఆ ఆధారం కంపెనీ ఏడాదికోసారి అచ్చువేసే లెక్కల్లోనే ఉంటుంది. లెక్కలు చదవడం చదువుకున్న బాబుల పని అని మనం పక్కన పెట్టినంత కాలం వాళ్లు చెప్పిందే లెక్క అవుతుంది.

అందుకే ఈ సంచికలో ఒక కంపెనీ లెక్కను మీ ముందు పెడుతున్నాం. అది మిల్లు కాదు, సూపర్ మార్కెట్టు. దుకాణాల జమాఖర్చుతో మిల్లు కార్మికుడికి ఏం పని అని కొందరు అడగవచ్చు. మన సొంత గొడవ లేని చోట లెక్కను నిదానంగా చూడగలం. అక్కడ నేర్చుకున్నది రేపు మన గేటు దగ్గర పనికొస్తుంది.

ఆ కంపెనీ స్పెన్సర్స్. 1863లో మదరాసులో దొరల కాలంలో పుట్టిన దుకాణం. మౌంటు రోడ్డు మీద ఆ పేరు తెలియని వాళ్లు లేరు. 1989లో అది ఆర్.పి.జి. గోయెంకాల చేతికి వచ్చింది. 2001లో హైదరాబాదులో, ఉప్పు నుంచి టీవీ దాకా ఒకే కప్పు కింద అమ్మే చాలా పెద్ద దుకాణం తెరిచారు. తెలుగు నేలకు ఆ రకం దుకాణం అప్పటికి కొత్త. 2019 జనవరిలో స్పెన్సర్స్ రిటైల్ విడి కంపెనీగా షేర్ మార్కెట్టుకు ఎక్కింది. అదే ఏడాది గోద్రెజ్ వాళ్ల నేచర్స్ బాస్కెట్ దుకాణాలను సుమారు 300 కోట్ల రూపాయలకు కొన్నది.

తర్వాతి ఏళ్ల లెక్కల్లో నష్టాలే. ఉప కంపెనీలతో కలిపి చూస్తే 2021–22లో నష్టం సుమారు 121 కోట్లు. 2022–23లో 210 కోట్లు. 2023–24లో 267 కోట్లు. అప్పుడు యాజమాన్యం ఒక నిర్ణయం తీసుకుంది. ఢిల్లీ చుట్టుపక్కల, దక్షిణ భారతంలో ఉన్న దుకాణాలు మూసేసి, బెంగాలు, ఉత్తర ప్రదేశ్ వైపు ఉన్నవాటినే నడుపుకోవాలని. అలా నలభైకి పైగా దుకాణాలు మూతపడ్డాయి. మదరాసులో పుట్టిన పేరు దక్షిణాది నుంచే తప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన 2024–25 లెక్కలో నష్టం సుమారు 246 కోట్లకు దిగింది.

267 నుంచి 246కు. నష్టం 21 కోట్లు తగ్గింది. "కోలుకుంటోంది" అనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. పేపరు వాడు కూడా "తగ్గిన నష్టం" అని శీర్షిక పెడతాడు. కానీ మనం పక్క గీతలో ఉన్న అంకె కూడా చూడాలి.

ఆ పక్క గీత అమ్మకాలు. 2023–24లో అమ్మకాలు సుమారు 2,345 కోట్లు. 2024–25లో సుమారు 1,995 కోట్లు. అంటే 350 కోట్ల వ్యాపారం పోయింది. ఇప్పుడు ఒక చిన్న భాగహారం చేద్దాం. ముందటి ఏడాది 100 రూపాయల సరుకు అమ్మితే సుమారు 11 రూపాయల 40 పైసలు నష్టం. మరుసటి ఏడాది 100 రూపాయల సరుకుకు 12 రూపాయల 30 పైసలు నష్టం. మొత్తం నష్టం తగ్గింది, నూటికి వచ్చే నష్టం పెరిగింది! దుకాణాలు మూసిన ఏడాదిలో మూసివేత ఖర్చులు కూడా ఆ లెక్కలోనే పడతాయి కాబట్టి ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు. నష్టం తెచ్చే దుకాణం మూయడం తప్పని కూడా మేం అనడం లేదు. కానీ ఆ ఏడాది లెక్క చూసి కంపెనీ కోలుకుందని చెప్పడానికి వీల్లేదు. కంపెనీ చిన్నదైంది, అంతే. జ్వరం తగ్గడం వేరు, మనిషి చిక్కిపోవడం వేరు.

అదే వ్యాపారంలో ఇంకొక కంపెనీని చూడండి. డీమార్ట్ దుకాణాలు నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2024–25లో సుమారు 59,358 కోట్ల అమ్మకాల మీద 2,707 కోట్ల లాభం చూపింది. 2025 మార్చి నాటికి దుకాణాలు 415. నూటికి నాలుగున్నర రూపాయలే మిగులు. ఈ వ్యాపారంలో బాగా నడిచే వాడికే మిగిలేది ఇంత. అందులో అద్దె, వడ్డీ కొంచెం పెరిగినా దుకాణం మునుగుతుంది. డీమార్ట్ చాలా దుకాణాలను అద్దెకు కాక సొంత స్థలంలో పెట్టుకుంది. అప్పు చేసి, అద్దెకు తీసుకుని, తొందరగా వ్యాపించిన వాళ్ల సంగతి వేరుగా ముగిసింది.

తొందర అంటే సుభిక్ష గుర్తుకు రావాలి. 1997లో మదరాసులో చౌక ధర దుకాణంగా మొదలైంది. మన జిల్లాల జనం కూడా ఆ బోర్డులు చూసి ఉంటారు. 2008 నాటికి దేశమంతా 1,600 దుకాణాలు. పేపర్లన్నీ పొగిడాయి. 2009 మొదలయ్యేసరికి సరుకు కొనడానికి డబ్బు లేదు, అద్దెకు లేదు, జీతానికి లేదు. అప్పులను సర్దుబాటు చేసుకుని నిలబడాలని చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. కంపెనీ కోర్టు మెట్లెక్కి మూతపడింది. బ్యాంకుల తరఫున వకీళ్లు ఉన్నారు. వాటాదారుల తరఫున వకీళ్లు ఉన్నారు. బిల్లు కొట్టిన పిల్లకూ, మూటలు మోసిన కుర్రవాడికీ ఎవరున్నారు? సంఘం లేని చోట జీతం బాకీ ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

ఇక్కడే ఒక మాట బాగా అర్థం చేసుకోవాలి. కంపెనీ లెక్కలో మనుషుల పేర్లుండవు. "ఉద్యోగుల ఖర్చు" అని ఒకే ఒక గీత ఉంటుంది. దుకాణం మూస్తే ఆ గీతలో అంకె తగ్గుతుంది. వాటాదారుడికి అది మంచి వార్త. అదే అంకె ఒక ఇంట్లో పిల్ల ఫీజు, ఇంకొక ఇంట్లో అద్దె, మరొక ఇంట్లో ముసలామె మందులు. ఖర్చు తగ్గిందని రాసినవాడు అబద్ధం రాయలేదు. కానీ ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, కంపెనీ భుజం మీద నుంచి కార్మికుడి భుజం మీదకు వచ్చింది.

ఇది మన మిల్లులకు కొత్తా? 90లలో మనం "ఖాయిలా పరిశ్రమ" అనే మాట విన్నాం. 2016లో ఖాయిలా పరిశ్రమల బోర్డును రద్దు చేసి, దివాలా చట్టం తెచ్చారు. పేరు మారింది, పద్ధతి మారింది, గేటు బయట నిలబడేది మాత్రం మనమే. కోయంబత్తూరు ఎన్.టి.సి. మిల్లులను చూడండి. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఆగిన కదుళ్లు ఆ తర్వాత మునుపటిలా తిరిగింది లేదు. ప్రభుత్వ మిల్లు కార్మికులే జీతం కోసం రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. సూపర్ మార్కెట్టు దుకాణాలను అంత సులువుగా ఎలా మూయగలిగారు? మూసివేతకు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే నియమం ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే ఉండేది. దుకాణాలకు ఎన్నడూ లేదు. 1976లో ఆ నియమం వచ్చినప్పుడు 300 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలకు వర్తించేది. 80లలో దాన్ని 100 మందికి దించారు. అప్పటి నుంచి మన మధ్య రకం మిల్లులకు అది ఒక గొడుగు. పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మళ్లీ 300కు పెంచింది. కేంద్ర కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తున్నా, 2025 నవంబరు 21న ఆ కోడ్ అమలులోకి వచ్చింది. అంటే 100 మందికి పైన, 300 మందికి లోపల ఉన్న మిల్లు ఈ ఒక్క విషయంలో దుకాణంతో సమానమైంది. మన చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లుల్లో ఎన్నింటిలో 300 మంది హాజరు పట్టీలో ఉన్నారో మీకే తెలుసు. కాంట్రాక్టు పేరుతో, అప్రెంటిసు పేరుతో పట్టీ ఎందుకు కుదిస్తున్నారో కూడా ఇప్పుడు అర్థమవుతుంది.

గొడుగు చిరిగినా చేతిలో కర్ర మిగిలింది. 50 మంది, అంతకు పైన కార్మికులున్న సంస్థ మూయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుడికి, చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. రోజు జీతం 500 రూపాయలు, సర్వీసు 20 ఏళ్లు అనుకుందాం. లక్షా యాభై వేలు అవుతుంది. ఇది గ్రాట్యుటీ కాకుండా. తప్పనిసరి పరిస్థితుల్లో మూస్తే మూడు నెలల జీతానికి మించి ఇవ్వక్కరలేదని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. యాజమాన్యాలు దాని వెనక దాక్కుంటాయి. కానీ నష్టం వచ్చిందనడం, సరుకు అమ్ముడుపోక పేరుకుపోయిందనడం తప్పనిసరి పరిస్థితి కిందకు రాదని అదే చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ వాక్యాన్ని ప్రతి డిపార్టుమెంటులో, ప్రతి షిఫ్టులో చదివి వినిపించండి. "నష్టాల్లో మూస్తున్నాం, మూడు నెలలది తీసుకుని పొండి" అన్నవాడికి అదే జవాబు.

బోనసు సంగతి కూడా అంతే. 1965 బోనసు చట్టం వేతనాల కోడ్‌లో కలిసినా, కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం అనే లెక్క అలాగే ఉంది. నష్టం వచ్చినా కనీస బోనసు ఇవ్వవలసిందే. దానికి "కోలుకోవడం" అడ్డు కాదు. 8.33కు పైన ఎంత అన్నదే చర్చ. ఆ చర్చకే లెక్క కావాలి.

కనుక ప్రతి యూనిట్ కమిటీని ఈ సంఘం కోరేది ఇది. లిమిటెడ్ కంపెనీ అయితే దాని వార్షిక లెక్కలు కంపెనీల రిజిస్ట్రారు దగ్గర ఉంటాయి, రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మూడేళ్ల లెక్కలు తెప్పించండి. భాగస్వామ్యపు మిల్లులకు ఆ దారి లేదు, అక్కడ బోనసు చర్చలోనే లెక్క బల్ల మీద పెట్టమని రాతపూర్వకంగా అడగండి. పదో తరగతి చదివిన పిల్ల ఇంట్లో ఉంటే కూర్చోబెట్టుకోండి. అమ్మకం ఎంత, పత్తికి ఎంత, కరెంటుకు ఎంత, జీతాలకు ఎంత, వడ్డీకి ఎంత అని ఐదు అంకెలు ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాన్నీ నూరు రూపాయల అమ్మకానికి లెక్క కట్టండి. జీతాల వాటా ఏటేటా తగ్గుతూ, వడ్డీ వాటా పెరుగుతూ ఉంటే కంపెనీ మన వల్ల జబ్బు పడలేదని ఆ కాగితమే చెబుతుంది. వడ్డీ, తరుగుదల తీయకముందు లాభం చూపించి మురిపించే వాళ్లూ ఉంటారు. షావుకారు బాకీ తీయకముందు జీతం మొత్తం నాదే అనుకున్నట్టుంటుంది ఆ లెక్క. చివరి గీత దాకా చదవండి.

దాంతోపాటు ప్రతి సభ్యుడూ జీతం చీటీలు, పి.ఎఫ్. వివరాలు, చేరిన తేదీకి ఆధారం ఇంట్లో భద్రంగా పెట్టుకోవాలి. బదిలీ కార్మికులు, హాస్టలులో ఉంటూ పనిచేసే చెల్లెళ్లు ముఖ్యంగా. గేటుకు తాళం పడిన రోజున ఆఫీసు గదిలోని రిజిస్టరు మనకు దొరకదు.

కంపెనీ నిజంగా కోలుకోవాలనే మనమూ కోరుకుంటాం. మిల్లు నడిస్తేనే మన పొయ్యి రాజుకుంటుంది. అమ్మకం పెరిగి, అప్పు తగ్గి, మనుషులు పనిలో ఉండి వచ్చిన కోలుకోవడానికి మన చేతనైన సాయం చేద్దాం. మనుషులను తీసేసి కాగితం మీద చూపించే కోలుకోవడాన్ని మాత్రం ఆ పేరుతో పిలవనివ్వం.

లెక్క అడుగుదాం. అడిగే హక్కు నిలవాలంటే సంఘం నిలవాలి.