1/70 ఉంది కాబట్టి ఇంటి లోన్ రాదట!



మా హాస్టల్ రూంలో నలుగురం, నాలుగు ఊళ్లు, కథ ఒక్కటే. వానకి ఇంటి గోడ కూలితే నాన్నల్ని తీసుకుని మండలంలో ఉన్న ఒకే ఒక్క బ్యాంకుకి వెళ్లాం. "ఏజెన్సీ భూమి, 1/70 ఉంది, తాకట్టు కుదరదు" అని కాగితాలు చూడకుండానే పంపేశారు. జీపు ఛార్జీ, ఒక రోజు కూలీ దండగ. చివరికి షావుకారు దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీ. కాఫీ గింజ ఇంకా చెట్టు మీదే ఉంది, అప్పుడే ఆయనదైపోయింది.

ఇప్పుడు మనలోనే కొందరు "1/70 తీసేస్తే లోన్లొస్తాయి కదా" అంటున్నారు. ఆ చట్టం చదివారా మీరు? మేం చదివాం. 1971 సవరణ ప్రకారం, భూమి స్వాధీనం చెయ్యకుండా ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకి తాకట్టు పెట్టొచ్చు. అప్పు తీరకపోతే ఆ భూమిని గిరిజనులకే అమ్మాలి. అంతే! అడ్డం చట్టం కాదు, మనవాళ్లు కొంటే రేటు రాదనే బ్యాంకు లెక్క. 1/70 పోతే లోన్ వస్తుందో రాదో గానీ భూమి మాత్రం షావుకారుకి పోతుంది.

పోడు పట్టా సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకే, అమ్మకం బదిలీ లేవు. అక్కడ ప్రభుత్వమే పూచీ ఉండాలి. ఆవాస్ యోజనలో కొండ ప్రాంతానికిచ్చే 1.30 లక్షలతో సిమెంటు, ఇసుక ఘాటీ ఎక్కించి ఇల్లు కట్టి చూపించమనండి!

ఇకమీదట నోటిమాటకి వెనక్కి రావొద్దు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, ఎందుకివ్వరో రాసిమ్మనండి. ఆ కాగితాలన్నీ పట్టుకుని ఐటీడీఏ పీవో గారి దగ్గరికి వెళ్దాం. దసరా సెలవుల్లో ఎవరెవరు వస్తారో కింద ఊరి పేరుతో రాయండి.