పంచాయతీలో మన మాటలున్నాయి, మనుషులే లేరు



పోయిన వానాకాలం ఒక రాత్రి ఇషా నమాజ్ అయ్యాక మా మస్జిద్ మెట్ల మీద అరగంట నిలబడిపోయాం. గేటు ముందు మోరీ పొంగి మురుగునీళ్లు నిలిచాయి. చెప్పులు చేతిలో పట్టుకుని, పాయించాలు పైకి మడిచి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటాలి. ఇంట్లో ఉజూ చేసుకుని వచ్చిన కాళ్లు ఆ నాపాక్ నీళ్లలో పెట్టాలి. ముసలివాళ్లు ఆ వారమంతా ఇంట్లోనే నమాజ్ చదువుకున్నారు. మూడు వానాకాలాల నుంచి ఇదే కథ.

మెట్ల మీద మాటలు కూడా మూడేళ్లుగా అవే. "హమారీ గల్లీ కో కౌన్ పూఛ్తా భాయ్?" అన్నారొకరు. "మన గల్లీ అని తెలిసే చేయరు" అన్నారు ఇంకొకరు. నేను కూడా తల ఊపాను. అబద్ధం చెప్పను, నాకూ అలాగే అనిపించింది.

కొన్ని వారాల తర్వాత ఇంటి పన్ను కట్టడానికి పంచాయతీ ఆఫీసుకు పోయాను. సెక్రటరీ చిన్న వయసు అబ్బాయి. రసీదు రాస్తుంటే బల్ల మీద గ్రామసభ తీర్మానాల పుస్తకం కనిపించింది. "చూడొచ్చా తమ్మీ?" అంటే "చూడన్నా, దాపరికమేముంది" అని నా వైపు జరిపాడు. పేజీలు తిప్పాను. ఒక వీధిలో బోరు మోటారు కాలిపోయిందని ఒకరు చెప్పారు. కాలనీలో రెండు దీపాలు వెలగడం లేదని ఇంకొకరు. బడి వెనక ముళ్ల పొదలు కొట్టించాలని ఒక తల్లి. కింద హాజరైనవాళ్ల సంతకాలు, వేలిముద్రలు. మూడేళ్ల పేజీల్లో మా మోరీ సంగతి ఒక్క చోట లేదు. మా గల్లీ నుంచి ఒక్క సంతకం లేదు.

"మా మోరీ మాటేంది తమ్మీ?" అన్నాను.

"రాసి ఎవరూ ఇయ్యలేదన్నా."

"ఊరందరికీ తెలుసు కదా!"

"నాకూ తెలుసు. కానీ నేను దేని మీద రాయాలె?"

జవాబు లేదు నా దగ్గర. మూడేళ్లు మనం ఫిర్యాదు చేసింది మస్జిద్ మెట్లకు. మెట్లు దరఖాస్తు తీసుకోవు కదా.

ఇంటికి వస్తూ ఒక సంగతి గుర్తుకొచ్చి నవ్వొచ్చింది, తర్వాత బాధ కలిగింది. ఆ ఆఫీసులో అరగంటలో నేను విన్న మాటలు ఏవి? రసీదు, బకాయి, వసూలు, దరఖాస్తు, మంజూరు, తనిఖీ, హాజరు, జమ, ఖర్చు. బయటి బోర్డు మీద జిల్లా. సర్పంచ్‌లో 'సర్' అంటే ఫార్సీలో తల. ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి ఉర్దూ గుండా తెలుగులోకి వచ్చి, నమాజ్ తెలియని రైతు నోట్లో కూడా తెలుగు మాటలుగా స్థిరపడ్డాయి. మన నానీ, దాదీల మాటలు పంచాయతీ రిజిస్టర్లలో కూర్చుని రోజూ పని చేస్తున్నాయి. మనుషులం మాత్రం గైర్ హాజర్. ఆ మాట కూడా మనదే.

పంచాయతీ అంటే మన ఇళ్లల్లో రెండే సందర్భాలు. ఒకటి ఎలక్షన్. రెండోది ఖబ్రస్తాన్ ప్రహరీ. ఎలక్షన్‌కు ముందు రాత్రి మన గల్లీలో చాయ్ దుకాణం నిద్రపోదు. ఖబ్రస్తాన్ మాట వస్తే నలభై మంది షేర్వానీలు, టోపీలు వేసుకుని ఎమ్మెల్యే ఇంటికి పోతాం. ఈ రెండింటి మధ్య ఐదేళ్లలో పంచాయతీ చేసే పనేమిటో మనకు పట్టదు. మోరీలు తీయడం, నీళ్ల ట్యాంకు కడగడం, వీధి దీపాలు, చెత్త బండి, ఇంటి నంబర్లు, జనన మరణాల నమోదు, సంత వేలం. మనం పుట్టిన దగ్గర నుంచి జనాజా లేచేదాకా నడిచే పనులివి. వీటికి ఎమ్మెల్యే అక్కర్లేదు. గ్రామసభలో ఒక నోరు, ఒక కాగితం కావాలి.

గ్రామసభలో కూర్చోవడానికి గెలవాల్సిన పని కూడా లేదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కు ఇది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు మీ గల్లీ నుంచి ఎంతమంది పోయారో ఒకసారి గుర్తు చేసుకోండి.

మనవాళ్లకు మండల పరిషత్‌లో మైనారిటీ కో-ఆప్షన్ మెంబర్ ఒకరుంటారని బాగా తెలుసు. జిల్లా పరిషత్‌లో ఇద్దరు. ఆ సీటు కోసం మనలో మనమే రెండు ముఠాలై సలాం కూడా మానేసిన ఊళ్లు నేను చూశాను. కో-ఆప్ట్ అయ్యే ఒక్క కుర్చీ కోసం అంత దౌడ్. పుట్టుకతో వచ్చిన గ్రామసభ హక్కు మాత్రం చాప కింద పెట్టి మరిచిపోయాం.

"పైసలెక్కడివి? పోయినా పని కాదు" అంటారు. సగం నిజమే. పంచాయతీలకు నిధులు ఆలస్యంగా వస్తాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులే లేరు, ప్రత్యేక అధికారులు నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఊళ్లన్నీ ఆ నష్టం పడ్డాయి, మన గల్లీ ఒక్కటే కాదు. కానీ రెండో సగం కూడా వినండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా గ్రామాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. అంటే మోరీ అడగడం ఎవరి మెహర్బానీ కోసమో చేయి చాచడం కాదు. ఆ పనికని విడిగా పెట్టిన సొమ్ములో మన వాటా అడగడం. ఏ వీధి మోరీకి ఖర్చు పెట్టాలన్నది ఊరి ప్రణాళికలో రాస్తారు. ఆ ప్రణాళికను గ్రామసభ ముందు పెడతారు. అక్కడ నోరు తెరిచిన వీధి అందులోకి ఎక్కుతుంది. ఇందులో వివక్ష ఎప్పుడూ ఉండదని నేననను. ఉంటుంది. కానీ దరఖాస్తు ఇచ్చి, తీర్మానం రాయించి, అయినా చేయకపోతే అప్పుడు దాన్ని వివక్ష అని నిలదీయవచ్చు. అడగనే అడగకపోతే వాళ్లకు మనమే సాకు ఇచ్చినవాళ్లం.

ఇంకో పెద్ద సంగతి జనన నమోదు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. పల్లెలో ఇంటి దగ్గర పుడితే పంచాయతీ సెక్రటరీ దగ్గర, ఆసుపత్రిలో పుడితే వాళ్లే సమాచారం పంపుతారు. అయినా నమోదైందో లేదో అడగాల్సింది మనమే. 21 రోజులు దాటితే జరిమానా రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఓటరు జాబితాకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసే కాగితం ఆ జనన ధ్రువపత్రమే.

మనం అఖీఖా ఏడో రోజు చేస్తాం. కుదరకపోతే పద్నాలుగో రోజు, అదీ కాకపోతే ఇరవై ఒకటో రోజు. చట్టం పెట్టిన గడువూ ఇరవై ఒక్క రోజులే. మేక కోసం సంతలు తిరిగేవాళ్లం, దావత్‌కు నూరు మందిని పిలిచేవాళ్లం, ఆ వారంలోనే ఒక పూట పంచాయతీకి పోలేమా? పోయినప్పుడు పేరు స్పెల్లింగ్ దగ్గర నిలబడి రాయించండి. ఒక కాగితంలో షేక్ ముందుంటుంది, ఇంకో కాగితంలో వెనక. ఒకచోట బీ, ఒకచోట బేగం, ఒకచోట రెండూ లేవు. మొహమ్మద్ అన్న ముబారక్ పేరే ఒక్క ఇంట్లో నాలుగు రకాలుగా ఉంటుంది. ఈ తేడాల వల్ల స్కాలర్‌షిప్ ఆగిన పిల్లలు, పింఛన్ ఆగిన నానీలు మన గల్లీల్లోనే ఉన్నారు. కాగితాల గురించి భయపడుతూ వాట్సాప్‌లో రాత్రంతా మెసేజ్‌లు పంపుకుంటాం. తెల్లారి కాగితం సరిచేయించుకోవడానికి మాత్రం బద్ధకిస్తాం.

ఆడవాళ్ల సంగతి చెప్పకుండా ముగిస్తే అది బేఇన్సాఫీ. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవి. మన ఆపాలు, ఖాలాలు కూడా వార్డు మెంబర్లుగా గెలుస్తున్నారు. గెలిచిన రోజు పూలమాల ఆపాకు, మరునాటి నుంచి కుర్చీ భాయ్‌సాబ్‌ది. సంతకం కోసం రిజిస్టర్ ఇంటికి వస్తుంది. ఇది ఒక్క మన దగ్గరే జరగడం లేదు, అన్ని కులాల్లోనూ సర్పంచ్ భర్తల రాజ్యం నడుస్తోంది. కానీ మనం దీనికి పర్దా పేరు చెబుతాం, అక్కడే నాకు అభ్యంతరం. నీళ్లు ఏ రోజు రాలేదో, మోరీ ఏ ఇంటి దగ్గర పూడిందో మగవాళ్లకంటే వాళ్లకే బాగా తెలుసు. పొదుపు సంఘం మీటింగ్‌కు పోయి లోన్ లెక్కలు చూసుకునే ఆపా గ్రామసభకు పోతే పోయే ఇజ్జత్ ఏమిటో నాకు అర్థం కాదు. హిజాబ్‌తోనే పోనివ్వండి, తన నోటితోనే మాట్లాడనివ్వండి.

ఇంకో భయం ఉంది. మనం గుంపుగా పోతే మతం రంగు పులుముతారని. ఈ రోజుల్లో అది ఉత్త భయం కాదు. అందుకే ఒక మాట. మోరీని మోరీగానే అడుగుదాం. మా గల్లీలో ముస్లిం ఇళ్లతో పాటు చాకలివాళ్ల ఇళ్లు, కుమ్మరి ఇళ్లు ఉన్నాయి. ఆ నీళ్లు వాళ్ల గడపలోకీ వస్తున్నాయి. మూడేళ్లు మేము "మస్జిద్ ముందు మోరీ" అన్నామే తప్ప "మన వీధి మోరీ" అనలేదు. పక్కింటివాళ్లను అడగాలని కూడా తోచలేదు. దారిలో అడ్డు తొలగించడాన్ని ఈమాన్ శాఖల్లో ఒకటిగా లెక్కించిన దీన్ మనది. ఆ దారిలో నడిచేది ఎవరని అది అడగలేదు. సలహా సంప్రదింపులతో పనులు నడుపుకోవాలని చెప్పే ఖుర్ఆన్‌లో షూరా పేరుతో ఒక సూరానే ఉంది. మషవరా మీద బయాన్ విని సుబ్హానల్లాహ్ అంటాం. ఊరి మషవరా జరిగే రోజు దుకాణం మూయడానికి మనసొప్పదు.

కాబట్టి పెద్దవేమీ కాదు, చేయగలిగినవి నాలుగు చెబుతాను. గ్రామసభ తేదీ తెలియగానే జుమా తర్వాత ఇమామ్ సాబ్‌తో ఏలాన్ చేయించండి. అడగాల్సిన పని ఒక్కటే తీసుకుని, వీధిలో అన్ని ఇళ్ల సంతకాలతో దరఖాస్తు రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సభలో మీ పని పుస్తకంలో రాశారో లేదో చదివి చూశాకే హాజరు సంతకం పెట్టండి. తర్వాతి సభకు పోయి దాని గతి ఏమైందని అడగండి. ఇంకొకటి, ఇది మనలో మనకు. పంచాయతీని జమాఖర్చు అడగబోయే ముందు మన మస్జిద్ కమిటీ జమాఖర్చు గోడకు అంటిద్దాం. ఊరి సొమ్మూ అమానతే, చందా సొమ్మూ అమానతే.

కొత్త పాలకవర్గం వచ్చాక జరిగిన గ్రామసభకు మా వీధి నుంచి పదకొండు మందిమి పోయాం. అందులో నలుగురు ఆడవాళ్లు. మా కుమ్మరి మల్లమ్మక్క అనే పెద్దావిడ లేచి, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నాయో చేత్తో చూపిస్తూ చెప్పింది. మా ఫూఫీ పక్కనుంచి మస్జిద్ ముందు గుంత సంగతి కలిపింది. సర్పంచ్ విన్నాడు, సెక్రటరీ రాశాడు. కొలతలు తీసుకుని పోయారు. పని ఇంకా మొదలు కాలేదు. వచ్చే వానాకాలానికి అవుతుందో లేదో అల్లాహ్‌కు తెలుసు. కాకపోతే మళ్లీ పోతాం. ఈసారి మెట్ల మీద నిలబడి "మనల్ని ఎవరు అడుగుతారు" అనడానికి లేదు, ఎందుకంటే ఆ పుస్తకంలో ఇప్పుడు మా వీధి పేరుంది, కింద మా పదకొండు సంతకాలున్నాయి.

మీ ఊళ్లో వచ్చే గ్రామసభ ఎప్పుడో ఈ రోజే కనుక్కోండి.

ఖుదా హాఫిజ్.