లెక్కకు రాని చాకిరీ, అర్థశాస్త్రం చదువు

డిగ్రీలో అర్థశాస్త్రం ప్రధానంగా తీసుకున్న అమ్మాయిలు జాతీయాదాయం పాఠంలో పిగూ చెప్పిన ఒక ఉదాహరణ చదువుతారు. ఇంట్లో పనిచేసే మనిషిని యజమాని పెళ్ళి చేసుకుంటే జాతీయాదాయం తగ్గిపోతుంది. చాకిరీ అదే, జీతం మాత్రమే పోయింది. క్లాసు నవ్వుకుంటుంది, పాఠం ముందుకు పోతుంది. అసలు చర్చ మొదలు కావలసింది అక్కడే కదా!

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఈ చాకిరీ స్థూల దేశీయోత్పత్తిలో చేరదు. లెక్కలో లేని పనిభారాన్ని తగ్గించడానికి మంచినీటి కుళాయి, పిల్లల సంరక్షణ కేంద్రం అడిగితే నిధుల్లేవనడం ప్రభుత్వాలకు తేలిక.

అందుకే స్త్రీల శ్రమను ఆఖరి సంవత్సరంలో ఒక ఐచ్ఛిక పేపరుగా తగిలిస్తే చాలదు. జాతీయాదాయంతో పాటే బోధించాలి. గణాంకశాస్త్రం, సర్వే పద్ధతులు తప్పనిసరి చెయ్యాలి. విద్యార్థులు బస్తీలకు, పల్లెలకు వెళ్ళి స్త్రీల పనిగంటలు స్వయంగా నమోదు చెయ్యాలి. ఆడపిల్లలకు లెక్కల పేపర్లెందుకనే సలహాలు ఇకనైనా మానాలి.

పాఠ్యప్రణాళికలు ఖరారయ్యే ముందే స్త్రీల సంఘాలు ఈ డిమాండ్లను విశ్వవిద్యాలయాల ముందుంచాలి.