కొన్నవారికే పరీక్షా?

వెల చెల్లించి కొన్న సాఫ్ట్‌వేరు దొంగ ప్రతి కాదని కొన్నవారే మాటిమాటికీ రుజువు చేయవలెనా? విండోస్ అదనపు డౌన్‌లోడ్లకు మైక్రోసాఫ్ట్ 2005 జూలైలో ఈ తనిఖీని తప్పనిసరి చేసింది. 2007 ఆగస్టులో వారి సర్వర్లే పొరబడి అసలు ప్రతులకు దొంగముద్ర వేశాయి. వారి లెక్కలో అవి 12 వేల లోపే. అయినా తప్పు ఒకరిది, సంజాయిషీ మరొకరిది!

దొంగ ప్రతులను నేను సమర్థించను. పాఠం చెప్పేవారికి అది తగదు. కానీ కెలవరపల్లి పిల్లల తెలుగు ప్రశ్నపత్రం ఎక్కడో ఉన్న సర్వరు దయపై ఆధారపడటం నాకు సమ్మతం కాదు. 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక మన తెలుగు పీరియడుకే సంజాయిషీలు చెప్పుకుంటున్నాం, అవి చాలవా?

లినక్స్‌కు, తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన ఖతికి ఈ తనిఖీ లేదు. వచ్చే పరీక్షల పత్రాలను వాటితోనే కూర్చుదాం. మీ బడి కంప్యూటరులో అమర్చవలసి ఉంటే చెప్పండి, ఆదివారం వస్తాను.