కంప్యూటరు కబుర్లు: మొదట దొరికినదే మాడ్యూలు

ఆ నెల మా విభాగపు నివేదికలో ట్రాన్స్‌ఫార్మర్ నష్టాల అంకెలు తేడాగా వచ్చాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు. తప్పు ఉన్నట్లు సందేశమూ ఇవ్వలేదు. సవరించిన గుణకాలున్న మాడ్యూలుకు బదులు పాతదే పనిచేస్తున్నదని గ్రహించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

కారణం పైథాన్ వెతికే వరుసలో ఉన్నది. ఇంపోర్ట్ అనగానే అది ‘సిస్.పాత్’ అనే జాబితాలోని ఫోల్డర్లను వరుసగా గాలిస్తుంది. సాధారణంగా మొదట ప్రోగ్రాము ఉన్న ఫోల్డరు, తరువాత ‘పైథాన్‌పాత్’లో మనం పేర్కొన్నవి, ఆపైన ప్రామాణిక లైబ్రరీ, చివరకు ‘సైట్-ప్యాకేజెస్’. మొదటి ప్రతి దొరకగానే గాలింపు ముగుస్తుంది. మేము కొత్త ప్రతిని సైట్-ప్యాకేజెస్‌లో స్థాపించాము; పాతది ప్రోగ్రాము పక్కనే ఉండిపోయింది.

సిస్.పాత్.అపెండ్ వ్రాసి చక్కబెట్టబోయాము. అది జాబితా చివర చేర్చేది గనుక ప్రయోజనం లేకపోయింది. ‘ఇన్సర్ట్’తో ముందు చేర్చవచ్చును గాని, ఆ ఫోల్డరు లేని మరొక యంత్రంలో అది పనికిరాదు.

కనుక సహోద్యోగులకు మా మనవి: సందేహం కలిగితే ఆ మాడ్యూలు ‘__ఫైల్__’ విలువను ముద్రించి చూడండి, ఏ ప్రతి పనిచేస్తున్నదో తెలుస్తుంది. 2012లో వచ్చిన 3.3 నుంచి పైథాన్‌తోపాటే లభించే ‘వెన్వ్’తో ఒక్కొక్క పనికి వేరు ఏర్పాటు చేసుకొని, మాడ్యూలును అందులో స్థాపించండి. పాత ప్రతిని మాత్రం తప్పక తొలగించండి. రద్దయిన డ్రాయింగు షాపులోనే ఉండిపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.